అధ్యక్షులవారు వచ్చినప్పుడే ఏడు గంటలు

ఉద్యోగం ఊడుతుందని దొరబాబు హడలిపోయిన రోజునే అతనికి హోదా వచ్చిపడింది. ప్రభుత్వంలో ఇలాంటివి మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

దొరబాబు పనిచేసేది రహదారి నీడచెట్ల పరిరక్షణ శాఖలో. అలాంటి శాఖ ఒకటుందని మీకు తెలియకపోతే బాధపడకండి, చెట్లకి కూడా తెలియదు. కాకినాడలోని ఆ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో అతను జూనియర్ అసిస్టెంటు. రోడ్డు పక్కన నీడనిచ్చే చెట్లని లెక్క రాసుకోవడం, ఎవరైనా కొట్టేస్తున్నారని ఫోనొస్తే పరిగెత్తుకెళ్లి ఆపడం ఆ ఆఫీసు చెయ్యాల్సిన పనులు. రాసుకోవడం బాగానే జరిగేది.

అతని భార్య హేమలత ఆదోనిలో తపాలా ఆఫీసు గుమాస్తా. నాలుగేళ్ల కూతురు తన్వి తల్లి దగ్గరే ఉంటుంది. కాకినాడ నుంచి ఆదోని వెళ్లాలంటే రెండు బళ్లు మారాలి, ఒళ్లు హూనం చేసుకోవాలి, అన్నిటికన్నా ముందు సెలవు దొరకాలి. ఆదోనిలోనూ శాఖకి చిన్న ఆఫీసుంది. అందులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. భార్యాభర్తల కోటాలో ఆ కుర్చీ ఇప్పించమని దొరబాబు పెళ్లయినప్పటి నుంచీ అర్జీలు పెడుతూనే ఉన్నాడు. ప్రతిసారీ ‘పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబు మాత్రం టంచనుగా వచ్చేది.

ఈలోగా వాళ్ల కాపురం ఫోన్లో సాగుతోంది. మొదట్లో ఫోన్లో మాట్లాడుకుని చూశారు. ‘తిన్నావా’, ‘తిన్నాను’, ‘ఏం కూర’, ‘బీరకాయ’ అయిపోయాక ఇంక మిగిలేది తగువే. అందుకని హేమలతే ఒక ఉపాయం పట్టుకొచ్చింది. నాగకోట అని ఒక ఆట ఉంది. ఎవరు ఏ ఊళ్లో ఉన్నా ఫోన్లు పట్టుకుని ఒకే కోటలోకి దిగొచ్చు, మాట్లాడుకుంటూ ఆడుకోవచ్చు. కోట చుట్టూ నీటి కందకం, కందకంలో చేపలు. దొరబాబు వల వేసేవాడు, హేమలత చేపలు ఏరేది, తన్వి తల్లి ఒళ్లో కూర్చుని ‘నాన్నా, అటు అటు’ అని అజమాయిషీ చేసేది. చేతిలో పనుంటే ఇద్దరికీ మాటలు బాగా కుదిరేవి. సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టి ఒక గంట అలా గడిపేవారు. ఆ గంట కోసమే దొరబాబు మిగతా రోజంతా భరించేవాడు.

ఇది ఇలా ఉండగా జాయింట్ డైరెక్టరు చిదంబరరావు గారు చల్లటి కొండ ఊళ్లో జట్టు స్ఫూర్తి మీద శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ శిక్షకుడెవరో ఒక మాట చెప్పాడట. పాతికమంది కుర్రాళ్లు, ఒకరి మొహం ఒకరెరగరు, కానీ జీతం లేకుండానే చెప్పిన టైముకి ఆన్‌లైన్ ఆటలోకి వచ్చి, కలిసి రాక్షసుణ్ణి చంపి, ఒకరికొకరు థాంక్స్ చెప్పుకుని వెళ్లిపోతారట. ఆ మాట చిదంబరరావు గారి గుండెల్లో నాటుకుపోయింది. జీతమిస్తున్నా పదిన్నరకి తన ఆఫీసులో ఫ్యాన్లు తప్ప ఇంకేమీ తిరగడం లేదని ఆయనకి కొత్తగా కనబడింది.

సరిగ్గా ఆ సోమవారమే దొరబాబు భోజనాల వేళ ఫోన్లో చిరిగిన వల బాగుచేసుకుంటూ ఆయన కంటబడ్డాడు.

“ఏమిటది?” అన్నారు చిదంబరరావు గారు వెనక నుంచి.

దొరబాబు ఉద్యోగం పోయిందనుకుంటూ లేచి నిలబడ్డాడు. “ఆటండి.”

“ఒక్కడివే ఆడతావా?”

“ఎంతమందైనా ఆడొచ్చండి.”

“టైముకి వస్తారా అందరూ?”

“రాకపోతే మా ఆవిడ ఊరుకోదండి.”

చిదంబరరావు గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. పైఅధికారి చెయ్యి భుజం మీద పడటం దొరబాబు సర్వీసులో అదే మొదలు. “ఇటువంటి ప్రతిభను ఈ కార్యాలయము ఇన్నాళ్లూ నిద్రపుచ్చింది. ఈ క్షణం నుంచి నువ్వు సామూహిక అంతర్జాల క్రీడకు నోడల్ అధికారివి,” అన్నారు.

సాయంత్రానికల్లా సర్క్యులర్ తయారైంది. తయారుచేసింది సూపరింటెండెంటు మంగతాయారు గారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆవిడ ఒక్క వాక్యం కూడా ‘దీని మూలముగా’ లేకుండా రాసి ఎరగదు. సిబ్బంది యావన్మందీ ప్రతిదినము సాయంత్రము ఏడు గంటలకు నాగకోట ప్రధాన ద్వారము వద్ద హాజరు కావలెననీ, రానివారు, ఆలస్యముగా వచ్చినవారు, వచ్చియూ మధ్యలో నిష్క్రమించినవారు శాఖాపరమైన చర్యలకు బాధ్యులగుదురనీ దీని మూలముగా తెలియజేశారు.

“మేడమ్, ఏడు కాకుండా ఎనిమిదైతే...” అని నసిగాడు దొరబాబు.

“ఎనిమిదింటికి సారు టిఫిన్ చేస్తారు బాబూ,” అంది మంగతాయారు గారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. రూలు చేతిలో లేనప్పుడు చాలా మంచిది.

ఆ సంగతి విని హేమలత చేపలు ఏరడం ఆపేసింది. “మనకున్నదే ఒక్క గంటండీ. అది కూడా గవర్నమెంటుకే కావాల్సొచ్చిందా?” అంది.

“బదిలీ ఫైలు ఆయన దగ్గరే ఉంది హేమా. కొన్నాళ్లు ఓపిక పట్టు.”

మొదటి రోజు కోట ద్వారం దగ్గర తిరనాళ్లలా ఉంది. జీవితంలో ఏ పనికీ టైముకి రాని సీనియర్ అసిస్టెంటు బుల్లియ్య కూడా ఆరున్నరకే కత్తీ డాలూ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. క్యాషియరు, టైపిస్టు, ఇద్దరు అటెండర్లు, అందరూ వరసగా నిలబడ్డారు. ఏడయింది. ఏడుంబావయింది. కందకంలో మొసలి రెండుసార్లు తల పైకెత్తి వీళ్లని చూసి వెళ్లింది. ఏడూ నలభైకి చిదంబరరావు గారు ప్రత్యక్షమయ్యారు. బంగారు కిరీటం పెట్టుకున్నారు. కిరీటం శాఖ ఖర్చు.

మర్నాడు ఒక చిక్కు వచ్చింది. సర్క్యులర్ ప్రకారం ఆలస్యముగా వచ్చినవారి మీద చర్య తీసుకోవాలి. ఆలస్యంగా వచ్చింది ఒక్క చిదంబరరావు గారే. ఇది తప్పు లెక్క అని మంగతాయారు గారికి తెలుసు, ఎందుకంటే జాయింట్ డైరెక్టర్ ఆలస్యంగా వచ్చిన సభ ఇంతవరకూ రాష్ట్రంలో జరగలేదు. ఆయన వచ్చాకే సభ మొదలవుతుంది. ఆవిడ మధ్యాహ్నం దాకా ఆలోచించి సవరణ రాసింది. ‘ఏడు గంటలు అనగా అధ్యక్షులవారు విచ్చేసిన క్షణము’.

“అంతేకదండీ,” అన్నాడు బుల్లియ్య. “బాగుందండి.”

బాగాలేదని సాయంత్రానికి తెలిసింది. అధ్యక్షులవారు వచ్చినప్పుడే ఏడు గంటలైతే, అంతకుముందు వచ్చినవాళ్లంతా వేళ కాని వేళ వచ్చినవాళ్లే కదా. నిర్ణీత సమయమునకు పూర్వమే హాజరై సమయపాలనను ఉల్లంఘించినందుకు సిబ్బంది మొత్తానికి మెమోలు వచ్చాయి. బుల్లియ్య తన మెమోని రెండుసార్లు చదువుకుని, “ముప్పయ్యేళ్లలో ముందొచ్చినందుకు మెమో తినడం ఇదే మొదలండి,” అన్నాడు. అందులో కాస్త గర్వం కూడా ఉంది.

ఇక మిగిలిన దారి ఒకటే. ఆయనకి ముందూ కాకుండా, వెనకా కాకుండా, ఆయనతో పాటే ప్రత్యక్షం కావాలి. దానికి దొరబాబు డ్రైవరు అప్పారావుని పట్టుకున్నాడు. చిదంబరరావు గారి ఇంటి వరండాలో అప్పారావు కూర్చునేవాడు. ఇటు పదిమందీ ఫోన్లు పట్టుకుని, వేలు గాల్లో పెట్టుకుని కాచుకునేవారు.

“అయ్యగారు పేపరు మడిచేత్తన్నారండి,” అనేవాడు అప్పారావు ఫోన్లో గుసగుసగా. “కళ్లజోడు తుడుచుకుంటన్నారు. ఫోను తీశారు. ఆగండాగండి, అమ్మగారు కాఫీ తెచ్చారు. దించండి వేళ్లు.”

ఇలా ఒక్కోరోజు గంటన్నర గడిచేది. కందకం గట్టు మీద హేమలత బొమ్మ ఒక్కతే వల పట్టుకుని నిలబడి ఉండేది. దొరబాబు కోటలోకి వెళ్లేసరికి ఆమె కనిపించేది కానీ, పలకరించడానికి లేదు. సెషన్లో బయటివారితో సంభాషణ నిషిద్ధము. తన్వి ఊపుతున్నట్టుంది, హేమలత బొమ్మ చెయ్యి పైకీ కిందికీ ఆడేది. దొరబాబు అటు చూడనట్టు నటించేవాడు. అలా నటించినందుకు రాత్రి అన్నం సహించేది కాదు.

తర్వాతివారం దాడి పెట్టుకున్నారు. నాగకోటలో మూడు తలల మొసలి ఒకటుంది. దాన్ని అందరూ కలిసి చంపాలి. పద్ధతి చాలా తేలిక. డాలున్నవాడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు, విల్లున్నవాళ్లు వెనక నుంచి కొడతారు, వైద్యం తెలిసినవాడు దెబ్బలు తిన్నవాళ్లకి మందు వేస్తాడు. నోడల్ అధికారిగా దొరబాబు ఇదంతా వివరించాడు.

“డాలున్నవాడు అంటే ఎవరు?” అంది మంగతాయారు గారు.

“బుల్లియ్య గారండి.”

“బుల్లియ్య సారుకంటే ముందు నడుస్తాడా?”

బుల్లియ్య చేతిలో డాలుంటే పారేసేవాడే.

“ప్రోటోకాల్ చూడండి బాబూ. ముందు సారు. వెనక నేను. ఆ వెనక సీనియారిటీ ప్రకారం. మొసలి దగ్గరైనా, మంత్రిగారి దగ్గరైనా వరస ఒకటే.”

బుల్లియ్యకి వైద్యం ఇచ్చారు. అయితే పైఅధికారి ఒంటి మీద మందు వెయ్యాలంటే ముందస్తు అనుమతి ఉండాలి. అనుమతి ఇవ్వాల్సింది ఆ పైఅధికారే.

దాడి రోజున కార్యక్రమం ప్రారంభ సభతో మొదలైంది. మంగతాయారు గారు స్వాగత వచనాలు పలికింది. కోటగోడ మీది కాగడా ఒకటి తీసి చిదంబరరావు గారి చేత జ్యోతి ప్రజ్వలన చేయించారు. ఇక శాలువా కప్పాలి. నాగకోటలో శాలువాలు దొరకవు. వెతగ్గా వెతగ్గా వలలు దొరికాయి. బుల్లియ్య వినయంగా ముందుకొచ్చి అధ్యక్షులవారి మీద వల కప్పాడు. అందరూ చప్పట్ల బొమ్మలు నొక్కారు. ఆ ఆటలో వల పడ్డవాడు కాసేపు కదల్లేడు. ఆ సంగతి దొరబాబుకి తెలుసు. చెబుదామని నోరు తెరిచాడు కూడా. అధ్యక్షోపన్యాసం మధ్యలో ఇతరులు మాట్లాడరాదన్న నిబంధన గుర్తొచ్చి మూసేశాడు.

“జట్టు అనగా నేమి?” అని చిదంబరరావు గారు వల్లోంచి ప్రారంభించారు. “జట్టు అనగా ఒక...”

మొసలికి సభా మర్యాద తెలియదు. మూడు తలలతో ఒకేసారి వచ్చింది.

“మందు వెయ్యండి బుల్లియ్య గారూ,” అన్నాడు దొరబాబు ఉండబట్టలేక.

“అనుమతి కావాలిగదండీ. సారూ, మందు వేసుకోమంటారా?” అన్నాడు బుల్లియ్య. చిదంబరరావు గారు అప్పటికే మరణించారు. ఇన్‌ఛార్జి ఎవరో ఉత్తర్వులు లేకపోవడంతో ఎవరూ కత్తి దూయలేదు. మొసలి తీరిగ్గా సీనియారిటీ ప్రకారమే తినుకుంటూ వచ్చింది. సర్వీసులో అటెండర్లకన్నా కూడా జూనియరు కాబట్టి దొరబాబు ఆఖరున పోయాడు.

ఇంకొకరైతే అక్కడితో ఆట మానేసేవారు. చిదంబరరావు గారు విచారణ వేశారు. విచారణలో మొసలి తప్పు స్పష్టంగా తేలింది. వందన సమర్పణ కాకముందే, అధ్యక్షుల అనుమతి లేకుండా, తన వంతు రాకుండానే సదరు మొసలి కార్యక్రమములో జోక్యము చేసుకొనినది. మంగతాయారు గారు దానికి మెమో తయారుచేసింది. అందజేసే బాధ్యత నోడల్ అధికారిది.

దొరబాబు ఒంటరిగా కందకం దగ్గరికెళ్లి మెమో చదివి వినిపించాడు. మొసలి అతన్ని మింగేసింది. ఆఫీసులో దాన్ని మెమో అందినట్టుగా నమోదు చేసుకున్నారు. జవాబు రాకపోవడంతో రెండో మెమో ఇవ్వమన్నారు. మళ్లీ మింగింది. మూడోసారి కూడా సంజాయిషీ రాకపోయేసరికి చిదంబరరావు గారు కఠినంగా వ్యవహరించక తప్పలేదు. మొసలిని సస్పెండ్ చేశారు.

“సస్పెన్షన్లో ఉన్నవాళ్ల మీద చెయ్యి చేసుకోకూడదు కదండీ మేడమ్,” అన్నాడు దొరబాబు. “మరింక చంపడం ఎలాగండి?”

“విచారణ తేలేదాకా ఎవరూ దాని జోలికి వెళ్లకూడదు,” అంది మంగతాయారు గారు సంతృప్తిగా.

ఆ రోజు నుంచి నాగకోటలో సెషన్లు నిరాటంకంగా సాగాయి. స్వాగతం, జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసం, వందన సమర్పణ. దాడి ఒక్కటి తప్ప అన్నీ జరిగేవి. హాజరు నూటికి నూరు శాతం. పైఆఫీసు నుంచి ప్రశంసా పత్రం వచ్చింది. ఆ నెలలోనే ఊళ్లో పెద్ద రోడ్డు పొడుగునా నిద్రగన్నేరు చెట్లని ఎవరో సాయంత్రం పూట కొట్టుకుపోయారు. వీధిలోవాళ్లు ఆఫీసుకి ఫోన్లు చేసి చేసి విసిగిపోయారు. ఎత్తడానికి ఎవరూ లేరు. పరిరక్షణ సిబ్బంది యావన్మందీ కోట ద్వారం దగ్గర వేళ్లు గాల్లో పెట్టుకుని ఉన్నారు. మర్నాడు చెట్ల లెక్కలోంచి ఆ సంఖ్య తీసేసి, కొత్త లెక్క శుభ్రంగా రాసుకున్నారు.

బదిలీల కాలం వచ్చింది. దొరబాబు కొత్త అర్జీ పట్టుకుని చిదంబరరావు గారి ముందు నిలబడ్డాడు.

“భార్యాభర్తల కోటా,” అన్నారాయన అర్జీ చూసి. “ఈ కోటా చాలా దుర్వినియోగము అవుతోందయ్యా. దంపతుల మధ్య ఐక్యత ఉన్నదని శాఖకు రుజువేమిటి?”

“పెళ్లి ఫోటోలున్నాయండి. పాప ఉందండి.”

“అవన్నీ గతము. వర్తమానమునకు రుజువు కావాలి.” ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. “మీ ఆవిడ కూడా ఆ క్రీడలో ఉన్నదన్నావు కదూ?”

మర్నాడు మరో సవరణ వచ్చింది. భార్యాభర్తల కోటా కోరు సిబ్బంది తమ జీవిత భాగస్వామిని అనుబంధ క్రీడాకారులుగా నమోదు చేయించి, ఇరువురూ ప్రతిదినము నిర్ణీత సమయమునకు కలసి హాజరగుట ద్వారా దాంపత్య ఐక్యతను నిరూపించుకొనవలెను.

“నేను రానండీ. మీ ఆఫీసువాళ్ల ముందు నిలబడి కాపురం చూపించడానికి నాకేం ఖర్మ?” అంది హేమలత.

“ఈ ఒక్క నెలే హేమా. అయిపోతే ఇంక ఆ ఆటే తెరవక్కర్లేదు. నేను ఆదోనిలోనే ఉంటాను.”

ఆ మాటకి ఆమె మెత్తబడింది. అనుబంధ క్రీడాకారిణిగా చేరింది. అనుబంధ క్రీడాకారులు భర్తకి నాలుగడుగుల దూరంలో నిలబడాలి. మాట్లాడదల్చుకుంటే అధ్యక్షులవారిని ఉద్దేశించి మాట్లాడాలి.

“అధ్యక్షా, ఇంటద్దె కట్టేశానని నా భర్తకి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను,” అనేది హేమలత.

“తెలియజేయడమైనది,” అనేవారు చిదంబరరావు గారు.

మొదట్లో ఇద్దరూ రాత్రి తలుచుకుని నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మానేశారు.

మూడోవారంలో ఒకరోజు స్వాగత వచనాలు జరుగుతుండగా హేమలత గొంతు వినిపించింది. “అధ్యక్షా, పాపకి జ్వరంగా ఉంది. నా భర్తతో...”

“అమ్మా, ఈ విషయము అజెండాలో లేదు,” అన్నారు చిదంబరరావు గారు.

“జ్వరం చెప్పి రాదు కదండీ.”

“మర్యాద పాటించాలి. ఇతర అంశములలో చివరన చేరుద్దాము.”

దొరబాబు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఆట మూసేసి ఆమెకి ఫోన్ చెయ్యొచ్చు. మూస్తే మధ్యలో నిష్క్రమించినట్టు. ఫోనొచ్చినా ఆట తెగిపోతుందని సెషన్ టైములో ఫోన్లు రాకుండా తనే పెట్టుకున్నాడు. నెలంతా ఒక్క మచ్చ లేని హాజరు. ఇంకో వారం ఉంటే కుర్చీ దొరుకుతుంది, ఆ తర్వాత ఏ జ్వరమొచ్చినా తన చేత్తోనే తడిగుడ్డ వెయ్యొచ్చు. అలా తనకి తాను నచ్చజెప్పుకుంటూ జ్యోతి ప్రజ్వలనకి చప్పట్లు నొక్కాడు. ఉపన్యాసానికి నొక్కాడు. తన మీద తనకే అసహ్యం వేసి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే వందన సమర్పణకి కూడా నొక్కాడు.

“ఇతర అంశములు,” అన్నారు చివరికి అధ్యక్షులవారు. “శ్రీమతి హేమలత గారు.”

“ఇప్పుడే నిద్రపోయిందండి. ఈ ఫోను తెరిచి పట్టుకునే ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చాను. ఇంకేం అంశాల్లేవు,” అంది హేమలత. ఆమె కోప్పడి ఉంటే బాగుండేదని దొరబాబుకి అనిపించింది.

నెల పూర్తయింది. చిదంబరరావు గారు అతన్ని పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నప్పుడే దొరబాబుకి అనుమానం వచ్చింది.

“అభినందనలు. నీదీ మీ ఆవిడదీ హాజరు మొత్తము శాఖకే ఆదర్శము. ఒక్క రోజు తప్పలేదు, ఒక్క క్షణము అటూ ఇటూ కాలేదు,” అన్నారాయన.

“అయితే ఆదోని...”

“అదే చెప్తున్నాను. భార్యాభర్తల కోటా దేనికి? వేరువేరు చోట్ల ఉండిపోయిన దంపతులను ఒక్కచోటికి చేర్చడానికి. మన రికార్డు ఏమి చెప్తోంది? మీరిద్దరూ ప్రతిదినము, ఒకే సమయమునకు, ఒకే స్థలములో, నాలుగడుగుల దూరములో ఉన్నారని చెప్తోంది. అంటే మీరు ఇప్పటికే కలిసి ఉంటున్నట్టు. కలిసి ఉన్నవారిని మళ్లీ కలపడానికి నిబంధనలు ఒప్పుకోవు.”

“అది ఆటండి,” అన్నాడు దొరబాబు.

“ప్రభుత్వోత్తర్వు ప్రకారము హాజరైన చోటును ఆట అనరాదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లము, నేనూ మా ఆవిడా రోజూ ఏడింటికి కలుసుకుంటామనుకున్నావా? నువ్వు అదృష్టవంతుడివయ్యా.”

“నేను హాజరు మానేస్తే, కలిసి లేమని తేలుతుంది కదండీ.”

“తేలుతుంది. కానీ హాజరు లేనివాడికి కోటా వర్తించదు.”

బయటికొచ్చాక మంగతాయారు గారు అతని మొహం చూసి, “బాధపడకు బాబూ, వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకోవచ్చు,” అంది. నిజంగానే జాలిపడింది. ఆ జాలి చూస్తే దొరబాబుకి ఒళ్లు మండిపోయింది.

“మేడమ్, నాకు మూడు రోజులు సెలవు కావాలండి.”

“కారణం?”

“మా ఆవిడని చూడాలండి.”

“సాయంత్రం ఏడింటికి చూస్తావుగా,” అంది ఆవిడ, ఆశ్చర్యంగా.

దొరబాబు సంచీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కి వెళ్లిపోయాడు. రైల్లో సీటు లేదు. తలుపు దగ్గర కూర్చున్నాడు. ఎవరైనా తోసుకుంటూ వెళ్తుంటే చిరాకు రావాల్సింది, ఆ రోజు మాత్రం హాయిగా ఉంది. నాలుగడుగుల దూరం పాటించనివాళ్లని చూసి చాలా రోజులైంది.

మర్నాడు సాయంత్రం ఆదోనిలో తలుపు తీసిన హేమలత అతని చేతిలో సంచీ వైపు చూసింది. “బదిలీ అయిందా?” అంది.

“కాలేదు. వచ్చేశాను.”

ఆమె సంచీ అందుకుంది. లోపల తన్వి చాప మీద బొమ్మలు పేర్చుకుంటోంది. తండ్రిని చూసి లేచి, దగ్గరికొచ్చి, చొక్కా పట్టుకుని చూసి, కొత్తవాళ్ల ముందు నిలబడ్డట్టు కొంచెం సిగ్గుపడింది. తర్వాత గోడ గడియారం వైపు చూసింది. పెద్దముల్లు పైన, చిన్నముల్లు ఏడు మీద ఉంటే ఏమవుతుందో ఆ పిల్లకి బాగా తెలుసు. గబగబా వెళ్లి తల్లి ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“ఏడయింది నాన్నా. ఇంక ఇందులోకెళ్లిపో,” అంది.

దొరబాబు పిల్లని ఎత్తుకుని గట్టిగా ఏడ్చాడు. హేమలత వద్దనలేదు. ఫోను చాప మీద పడి, చాలాసేపు మోగి, ఊరుకుంది.

రెండోరోజు ఉదయం మెమో వాట్సాప్‌లో వచ్చింది. మంగతాయారు గారి భాషే, ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. సదరు ఉద్యోగి సెషన్‌కు గైర్హాజరై, ముందస్తు అనుమతి లేకుండా తన భార్యను స్వయముగా కలిసినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినదనీ, అందులకు సంజాయిషీ వెంటనే సమర్పించవలెననీ దీని మూలముగా తెలియజేశారు.

హేమలత దోసె తిప్పుతూ, “ఏం రాస్తారు మరి?” అంది.

దొరబాబు ఒళ్లో కూర్చున్న తన్వి అతని పళ్లెంలో దోసె తుంచి, పచ్చట్లో ముంచి, సగం అతని నోట్లో, సగం మీసానికి పెట్టింది. అతను నమిలి మింగాడు.

“కలవడం ఆలస్యమైనందుకు క్షమించమని రాస్తాను. వాళ్లకి కాదు, నీకే. కాపీ మాత్రం వాళ్లకి పంపిస్తాను,” అన్నాడు.